మామ బీరువాలోని పుస్తకాల చిట్టా

మామ సంవత్సరీకానికి తిరుపతి వెళ్ళినప్పుడు, తంతు ముగిసి బంధువులు భోజనాలకు లేస్తున్న వేళ, అత్త నన్ను లోపలి గదికి పిలిచి బీరువా తాళం చేతిలో పెట్టింది. ఏడాదిగా ఎవరూ తీయని ఆ టేకు తలుపు లాగగానే వసకొమ్ము, ఎండిన వేపాకు, పాత కాగితం, మూడూ కలిసిన వాసన గుప్పున వచ్చింది. అరల మూలల్లో వసకొమ్ము ముక్కలను పల్చటి గుడ్డలో మూటకట్టి ఉంచడం మామ అలవాటు. అంగట్లో నాఫ్తలీన్ ఉండలు ఎంత చవకగా దొరికినా, పుస్తకం తెరిస్తే మందు వాసన రాకూడదని ఆయన వాటిని ఇంట్లోకి రానివ్వలేదు.

"నీకు తెలిసినంత ఇంకెవురికీ తెలీదమ్మా. వీటిని ఏం చేయాల్నో నువ్వే చెప్పు" అంది అత్త.

భోజనాల దగ్గర ఆ మాటే నడిచింది. ఏదైనా గ్రంథాలయానికి ఇచ్చేద్దామన్నారు ఒకరు. తలా కొన్ని తీసుకుపోదామన్నారు మరొకరు. బావ బెంగళూరులో ఉంటాడు, మరదలు చెన్నైలో, మా తమ్ముడు చిత్తూరులో. వెయ్యికి పైబడిన పుస్తకాలను మొత్తంగా పెట్టుకోగల ఇల్లు మాలో ఎవరికీ లేదు, అయితే ఆ బీరువా చెదిరిపోవడం కూడా ఎవరికీ ఇష్టం లేదు. ముందు అందులో ఏమేమున్నాయో అందరికీ తెలియాలి, తెలిశాక ఆలోచిద్దాం అని నేనన్నాను. ఆ సాయంత్రమే బావ కొడుకు తన ఫోను తీసి, "అత్తా, దీనికి సైటు ఉంది, యాప్ ఉంది, చూడు" అని నా పక్కన కూర్చున్నాడు.

* * *

ఆ బీరువాకు అంతకు ముందే ఒక చిట్టా ఉండేది. ఎర్ర గుడ్డ అంటించిన పొడవాటి లెక్కల పుస్తకంలో, నిలువు గీతలు తానే గీసుకుని, మామ ప్రతి పుస్తకాన్నీ కొన్న రోజే ఎక్కించేవాడు. వరుస సంఖ్య, పేరు, రచయిత, ప్రచురించినవారు, వెల, కొన్న చోటు, చివరి గడిలో 'ఎవరి ద్వారా'. ఆ చివరి గడి ఏ గ్రంథాలయ రిజిస్టరులోనూ నేను తర్వాత చూడలేదు. ఫలానా పుస్తకం బాగుందని చెప్పినవాళ్ళ పేరు, లేదా దాన్ని తెచ్చి ఇచ్చినవాళ్ళ పేరు అందులో ఉండేది. తన తొమ్మిదో తరగతి విద్యార్థి చెప్పినా రాసేవాడు, పక్క వీధి పోస్ట్‌మాన్ చెప్పినా రాసేవాడు.

ఆయన ఉన్నత పాఠశాలలో తెలుగు పండితుడు. కొంతకాలం చిత్తూరులోనూ, ఎక్కువ కాలం తిరుపతిలోనూ పనిచేశాడు. జీతంలో పుస్తకాలకు వేరుగా తీసిపెట్టేంత మిగులు ఉండేది కాదు కాబట్టి ఆయన కొనుగోళ్ళలో ఎక్కువ భాగం పాత పుస్తకాలే. మదరాసు మాకు దూరం కాదు. పొద్దున్నే రైల్లో వెళ్ళి, సెంట్రల్ స్టేషను పక్కనే ఉన్న మూర్ మార్కెట్టులో నేల మీద పరిచిన పుస్తకాల మధ్య తిరిగి, రాత్రికి గుడ్డ సంచి భుజాన వేసుకుని దిగేవాడు. 1985లో ఆ మార్కెట్టు కాలిపోయిందని పేపరులో చదివిన రోజు ఆయన బడికి వెళ్ళాడు గానీ ఇంట్లో ఎవరితోనూ మాట్లాడలేదు. రిజిస్టరులో 'మూ.మా.' అనే పొడి అక్షరాలు అంతటితో ఆగిపోతాయి.

విశాలాంధ్ర వాళ్ళ పుస్తకాల వ్యాను ఊళ్ళోకి వచ్చిందంటే మాకు పండగ. మాస్కో ప్రగతి ప్రచురణాలయం వేసిన తెలుగు పుస్తకాలు, మందపాటి అట్టలు, నున్నటి కాగితం, మన ఊళ్ళో ఎప్పుడూ చూడని మంచు బొమ్మలు, ధర మాత్రం మా చేతికి అందేంత. మామ మాకు చేతికి తలా రెండు రూపాయలిచ్చి, ఏది కొనాలో మమ్మల్నే తేల్చుకోమనేవాడు. మేం ఎంతసేపు తీసుకున్నా ఎండలో అలాగే నిలబడి ఉండేవాడు.

* * *

ఆదివారం సాయంత్రాలు ఆ ఇంటి వరండా ఒక చిన్న గ్రంథాలయం. కొర్లగుంట నుంచి, బైరాగిపట్టెడ నుంచి పిల్లలు వచ్చేవారు. అప్పట్లో రోజుకు ఇంత అని అద్దెకు నవలలిచ్చే అంగళ్ళు ఊళ్ళో చాలా ఉండేవి, పెద్దవాళ్ళు అక్కడికి పోయేవారు. మామ దగ్గర అద్దె లేదు, రెండు కట్టుబాట్లు మాత్రం ఉండేవి. తీసుకునే ముందు తొట్టి దగ్గర చేతులు కడుక్కోవాలి. తిరిగి ఇచ్చేటప్పుడు పుస్తకంలో తమకు నచ్చిన ఏదో ఒక చోటు పైకి చదివి వినిపించాలి. కథ చెప్పమని అడిగేవాడు కాదు. అట్ట నలిగితే కొత్తది వేసి ఇవ్వడమే జరిమానా.

"ఏం నాయనా, తెచ్చినావా?"

"తెచ్చినా సార్. ఇంకా రెండు కథలు ఉండాయి సార్."

"అట్లయితే ఇంకా వారం పెట్టుకో. పూర్తి కాకుండా ఎందుకు తెస్తివి?"

ఎవరు ఏది తీసుకున్నారో వేరే చిన్న నోటుపుస్తకంలో నేను రాసేదాన్ని. నా దస్తూరి గుండ్రంగా ఉంటుందని ఆ పని నాకు అప్పగించాడు. పుస్తకం నెంబరు చెప్పగానే పేరు చూడకుండా చెప్పడం నాకు అలవాటైంది. ఆ నెంబర్లు పుస్తకం వీపు మీద నల్ల ఇంకుతో రాసి, పైన పల్చటి జిగురు పూసి ఉండేవి.

జిగురు ఇంట్లోనే కాచేది అత్త. మైదా నీళ్ళలో కలిపి సన్నని సెగ మీద పెట్టి, చిక్కబడే ముందు కొద్దిగా మైలుతుత్తం పొడి వేసేది. ఆ నీలిరంగు చుక్క కలవగానే తెల్లటి గంజి లేత ఆకుపచ్చకు తిరిగేది. పురుగు రాకుండా వేసే ఆ పొడి విషం కాబట్టి, ఆ గిన్నెను వంటింట్లో కాకుండా పెరట్లో రాతి మీద బోర్లించేవారు, మమ్మల్ని ముట్టుకోనిచ్చేవారు కాదు. చిరిగిన పుస్తకాలకు ఇంట్లోనే అతుకులు పడేవి. కుట్లు ఊడినవాటిని, వారపత్రికల్లోంచి చింపి దాచిన సీరియళ్ళను మాత్రం గోవిందరాజస్వామి గుడి దగ్గరి సందులో ఉన్న బైండరు దగ్గరికి తీసుకుపోయేవాళ్ళం. ఆయన కాగితాలను రెండు చెక్కల మధ్య బిగించి, అంచు మీద రంపంతో సన్నని గాట్లు పెట్టి, ఆ గాట్లలో దారం నడిపేవాడు. మైనం పూసిన దారం కాగితాల గుండా లాగినప్పుడు వచ్చే చప్పుడు ఆ సందు మొదటికే వినిపించేది. ఇప్పుడు ఆ సందులో సెల్‌ఫోన్ కవర్లు అమ్ముతున్నారు.

* * *

నేను ఎస్వీ యూనివర్సిటీలో లైబ్రరీ సైన్సు చదవడానికి కారణం ఆ నోటుపుస్తకమే. తర్వాత ఒక కళాశాల గ్రంథాలయంలో ఉద్యోగం వచ్చింది. అప్పటికి కంప్యూటర్లు రాలేదు. పన్నెండున్నర సెంటీమీటర్ల పొడవు, ఏడున్నర వెడల్పు ఉండే కార్డులు, కింది అంచున రంధ్రం, ఆ రంధ్రాల గుండా సొరుగు పొడవునా ఇత్తడి కడ్డీ. ఇంగ్లీషు పుస్తకాల కార్డులను టైపు కొట్టేవారు. తెలుగు టైపు మిషను మా దగ్గర లేదు కాబట్టి తెలుగు కార్డులన్నీ నేను చేత్తో రాశాను. ఒక్కో పుస్తకానికి రచయిత పేరిట ఒకటి, పుస్తకం పేరిట ఒకటి, విషయం పేరిట ఒకటి కార్డు ఉండాలి. విద్యార్థులు సొరుగు లాగి వేళ్ళతో కార్డులు దొర్లిస్తుంటే వచ్చే సవ్వడితోనే ఎవరు దేనికోసం వెతుకుతున్నారో, తొందరలో ఉన్నారో తీరిగ్గా ఉన్నారో నాకు తెలిసిపోయేది.

మామ ఒకసారి గ్రంథాలయం చూడటానికి వచ్చి, తెలుగు పుస్తకాల వీపుల మీద ఒకే అంకె ఉండటం చూసి ఆగిపోయాడు. 894.827. 1876లో అమెరికాలో మెల్విల్ డ్యూయీ మొదలుపెట్టిన దశాంశ వర్గీకరణలో తెలుగు సాహిత్యానికి దక్కిన చోటు అది. సాహిత్యానికి కేటాయించిన వంద అంకెల్లో ఎక్కువ భాగం ఇంగ్లీషు, జర్మన్, ఫ్రెంచి వంటి యూరప్ భాషలకు పోగా, మిగతా ప్రపంచమంతా 890లో సర్దుకోవాలి. "ఇంత సాహిత్యాన్నీ ఈ మూలకు నెట్టినారే!" అన్నాడాయన, బాధగానే. అప్పుడు నేను రంగనాథన్ గురించి చెప్పాను. 1924లో మద్రాసు విశ్వవిద్యాలయానికి గ్రంథపాలకుడైన ఎస్.ఆర్. రంగనాథన్ 1931లో చెప్పిన ఐదు సూత్రాలను మాకు బట్టీ పట్టించేవారు. పుస్తకాలు వాడుకోవడానికే. ప్రతి పాఠకునికీ అతని పుస్తకం. ప్రతి పుస్తకానికీ దాని పాఠకుడు. పాఠకుని కాలం వృథా చేయరాదు. గ్రంథాలయం పెరుగుతూ ఉండే జీవి. మామ మూడో సూత్రం రెండుసార్లు చెప్పించుకుని, ఇంటికి వెళ్ళి రిజిస్టరు మొదటి పేజీలో రాసుకున్నాడు. ఇవాళ కూడా అది అక్కడుంది.

కంప్యూటర్లు వచ్చాక కార్డుల అవసరం తీరింది. కొత్త ఏర్పాటు మంచిదే, వెతకడం తేలికైంది, దాని మీద నాకు ఫిర్యాదు లేదు. కానీ నా చేతిరాత కార్డులను కట్టలు కట్టి, వెనకవైపు చిత్తు లెక్కలకు వాడమని ఆఫీసు గదిలో పెట్టినప్పుడు చాలా బాధపడ్డాను. ఆ కార్డుల అంచుల్లో నేను రాసుకున్న చిన్న చిన్న సంగతులు, ఈ ప్రతిలో చివరి పేజీలు లేవనీ, ఇది ఫలానా అధ్యాపకులు ఇచ్చినదనీ రాసినవి కంప్యూటరులోకి ఎక్కలేదు. అక్కడ వాటికి గడి లేదు.

* * *

బావ కొడుకు చూపించిన వాటిలో మొదటిది గుడ్‌రీడ్స్. 2007లో మొదలై, 2013లో అమెజాన్ చేతికి వెళ్ళిన సైటు. చదివినవాటి గురించి చెప్పుకోవడానికి, నలుగురి అభిప్రాయాలు తెలుసుకోవడానికి అది బాగుంటుంది. మాకు కావలసింది మా ఇంట్లో ఏ ప్రతి ఏ అరలో ఉందో చెప్పే చిట్టా. దానికి లైబ్రరీథింగ్ సరిపోయింది. 2005లో టిమ్ స్పాల్డింగ్ అనే ఆయన ప్రారంభించిన ఆ సైటులో మొదట్లో 200 పుస్తకాల వరకే ఉచితంగా ఉండేదట, 2020 నుంచి ఆ హద్దు తీసేశారు. మనకు తోచిన పేర్లతో గుంపులు పెట్టుకోవచ్చు, ఒక్కో పుస్తకానికి ఎన్ని గుర్తుమాటలైనా తగిలించవచ్చు, అందరికీ కనిపించే వ్యాఖ్య వేరు, మనకు మాత్రమే కనిపించే వ్యాఖ్య వేరు. ఆ రెండో గడి చూడగానే ఇదే మనకు కావలసినదని అనుకున్నాను.

మొదటి రోజు పని చకచకా సాగింది, ఎందుకంటే బావ తెచ్చిపెట్టిన ఇంగ్లీషు పుస్తకాలతో మొదలుపెట్టాం. వెనక అట్ట మీది చారల గుర్తు ముందు ఫోను పెడితే టిక్కుమని పుస్తకం పేరు, రచయిత, బొమ్మ అన్నీ వచ్చేసేవి. ఆ చారల్లో ఉండేది ఐఎస్‌బీఎన్ అనే పుస్తక గుర్తింపు సంఖ్య. 2007కు ముందు అది పది అంకెలది, ఆ తర్వాత ముందు 978 చేరి పదమూడైంది. మన దేశపు పుస్తకాలకు 978 తర్వాత 81 గానీ 93 గానీ ఉంటుంది. మామ అరలో పై వరుస అయిపోయి తెలుగు పుస్తకాలకు వచ్చేసరికి టిక్కుమనడం ఆగిపోయింది.

"అత్తా, ఇది రాలేదు. ఇదీ రాలేదు. దీనికసలు నెంబరే లేదు."

మామ కొన్న కాలపు తెలుగు పుస్తకాలకు ఆ సంఖ్యలు లేవు. మాస్కో పుస్తకాల్లో చివరి రోజులవాటికి 5తో మొదలయ్యే సంఖ్య లోపలి పేజీలో అచ్చయి ఉంది, చారలు మాత్రం లేవు. మిగతావన్నీ పేరుతో వెతకాలి, దొరకకపోతే చేత్తో ఎక్కించాలి. పేరుతో వెతికినప్పుడు నాకు ఒక ఆశ్చర్యం ఎదురైంది. 1960ల నాటి కొన్ని మామూలు తెలుగు నవలల వివరాలు వాషింగ్టన్‌లోని లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ జాబితాలోంచి వచ్చాయి. పీఎల్ 480 అనే తన చట్టం కింద మనకు గోధుమలు అమ్మిన అమెరికా, ఆ రూపాయల్లో కొంత సొమ్ముతో 1962 నుంచి మన భాషల పుస్తకాలు కొని తీసుకుపోయింది. రేషను అంగడి ముందు ఆ గోధుమల కోసం నిలబడిన మామకు, అదే లెక్కలో తాను చదివిన నవలలు సముద్రం దాటాయని తెలిసి ఉంటే ఎంత సంతోషించేవాడో. అయితే ఆ వివరాలన్నీ ఇంగ్లీషు అక్షరాల్లో, దీర్ఘాలకు పైన గీతలతో, ళ-ణలకు కింద చుక్కలతో ఉంటాయి. తెలుగు లిపిలో టైపు చేసి వెతికితే అవి దొరకవు. వాటిని అలాగే ఉంచి, పేరు గడిలో తెలుగు అక్షరాలు మేమే నింపాం.

తెలుగు అక్షరాల్లోనూ చిక్కులున్నాయి. పాత పుస్తకం మీద 'చెఱువు' అని బండి ఱ ఉంటుంది, ఇప్పటి పిల్లలు 'చెరువు' అని వెతుకుతారు. అరసున్న ఉన్న పేరును అరసున్న లేకుండా వెతుకుతారు. 'కావ్యము' అని అచ్చయినదాన్ని 'కావ్యం' అంటారు. మేం చివరికి ఒక పద్ధతి పెట్టుకున్నాం: పేరు గడిలో అట్ట మీద ఎలా ఉంటే అలాగే, ఇప్పటి రాతను వ్యాఖ్యలో. రచయితల పేర్లు మరో తలనొప్పి. ఇంటిపేరు చివర ఉంటుందనే లెక్కతో ఆ గడులు తయారయ్యాయి, మనకేమో అది ముందు వస్తుంది. ఒకే రచయిత మూడు రకాల స్పెల్లింగులతో ముగ్గురు మనుషులుగా కనిపిస్తాడు. వాళ్ళను ఒక్కరిగా కలిపే వీలు ఆ సైటులో సభ్యులకే ఉంది. కలిపిన ప్రతిసారీ నాకు పాత ఉద్యోగంలో సొరుగు సర్దిన తృప్తి కలిగింది.

* * *

అన్నిటికన్నా ఎక్కువ సమయం తీసుకున్నది, ఎక్కువ ఆనందాన్నిచ్చింది ప్రచురణ సంవత్సరం తేల్చడం. చాలా పాత తెలుగు పుస్తకాల్లో సంవత్సరమే వేయలేదు. ఆ గడి ఖాళీగా వదలడం నాకు ఇష్టం లేదు. వెల చూసి కాలం చెప్పడం మామ దగ్గరే నేర్చుకున్నాను. వెల '1-8-0' అని ఉంటే ఒక రూపాయి ఎనిమిది అణాలు. దశాంశ నాణేలు వచ్చింది 1957 ఏప్రిల్‌లో కాబట్టి అది అంతకు ముందుదనుకోవచ్చు. 'న.పై.' అని ఉంటే నయా పైసలు. 1964లో ఆ 'నయా' తీసేసి ఉత్త పైసలన్నారు. ప్రచురణకర్త చిరునామాలో ఆరంకెల పిన్‌కోడు ఉంటే 1972 ఆగస్టు తర్వాతిది. 'బెజవాడ' అని ఉంటే ఇంకా పాతది.

బావ కొడుకు ఒక సన్నటి పద్యాల పుస్తకం తెచ్చి దీని సంగతి చెప్పమన్నాడు. అట్ట మీద, లోపల ఎక్కడా అంకెల్లో సంవత్సరం లేదు. పీఠిక చివర 'విళంబి ఉగాది' అని ఉంది. అరవై ఏళ్ళకోసారి తిరిగి వచ్చే పేరు కాబట్టి అది 1898 కావచ్చు, 1958 కావచ్చు. పుస్తకం వెనక్కి తిప్పితే '75 న.పై.' అని చిన్న అక్షరాలతో ఉంది. అంటే 1958. ఆ కుర్రవాడి ముఖం వెలిగిపోయింది. అప్పటినుంచి సంవత్సరం లేని పుస్తకాలను ముందు తానే పరీక్షించి, తేల్చాక నాకు చూపించడం మొదలుపెట్టాడు. పంచాంగం చదవడం రానివాడు అరవై సంవత్సరాల పేర్లూ ఫోనులో దాచుకున్నాడు.

అట్టల ఫొటోలు తీయడానికి మామ వేసిన పై అట్టలు విప్పాల్సి వచ్చింది. సిమెంటు సంచి కాగితం, పాత క్యాలెండరు, పరీక్ష ప్రశ్నపత్రాలు, ఏవి దొరికితే వాటితో వేసినవి. వాటిని జాగ్రత్తగా విప్పితే, లోపల అసలు అట్ట అచ్చాఫీసు నుంచి అప్పుడే వచ్చినట్టుంది. ఎర్రలు ఎర్రగా, పసుపు పసుపుగా. అన్నేళ్ళు ఆ పుస్తకాలను చేత్తో పట్టుకున్న నేను వాటి ముఖాలు చూడటం అదే మొదటిసారి. ఫొటో తీసి, మళ్ళీ అదే కాగితాన్ని అదే మడతల మీద వేసి పెట్టాం.

* * *

పుస్తకాల మధ్య దొరికినవన్నీ రాయడం నా పట్టుదల. నెంబరు 312లో చిత్తూరు నుంచి తిరుపతికి బస్సు టికెట్టు. మరొకదానిలో ఎండిన మరువం రెమ్మ. ఒక శతకంలో మామకు నచ్చని పద్యం పక్కన 'ఇది కవి మనసులోని మాట కాదు' అని పెన్సిలు రాత. పెళ్ళికి కానుకగా వచ్చినవాటిలో ఇచ్చినవారి సంతకాలు. సైటులో ఆ పుస్తకం పేరు ఎవరైనా ఎక్కించగలరు, ప్రపంచంలో దానికి వంద ప్రతులు ఉండవచ్చు. ఈ టికెట్టు, ఈ పెన్సిలు రాత ఉన్న ప్రతి ఒక్కటే. సొంత పుస్తకాల చిట్టా రాసేవాళ్ళు పేరు, రచయితతో ఆగిపోకూడదని నేను గట్టిగా నమ్ముతున్నాను. మామ 'ఎవరి ద్వారా' గడిలోని ప్రతి మాటనూ వ్యాఖ్యలో ఎక్కించాం. మనుషుల పేర్లున్నచోట మాత్రం మాకే కనిపించే వ్యాఖ్యలో పెట్టాం. ఊరు తప్ప ఇంటి చిరునామా ఎక్కడా ఇవ్వలేదు.

ఆ సైటులోనే కాలం చేసినవారి గ్రంథాలయాలకు వేరే విభాగం ఉంది. సభ్యులే పాత జాబితాలు చూసి వాటిని ఎక్కిస్తారు. థామస్ జెఫర్సన్ పుస్తకాలు అలా ఎక్కాయి. 1814లో బ్రిటిషు సైన్యం వాషింగ్టన్‌ను తగలబెట్టినప్పుడు అక్కడి గ్రంథాలయం కాలిపోతే, మరుసటి ఏడు ఆయన తన 6,487 సంపుటాలను ప్రభుత్వానికి అమ్మాడు. 1851లో మళ్ళీ నిప్పంటుకుని వాటిలో మూడింట రెండు వంతులు పోయాయి. అయినా ఆయన ఏం చదివాడో ఇవాళ తెలుస్తోందంటే జాబితా మిగలబట్టే. అది చదివాక నేను మామ రిజిస్టరును మళ్ళీ మొదటినుంచి తీశాను. అందులో ఉండి బీరువాలో లేనివి చాలా ఉన్నాయి. ఎవరో తీసుకుని తిరిగివ్వనివి, వానకు తడిసినవి, ఎవరికో ఇచ్చేసినవి. వాటికి 'ఇప్పుడు మా దగ్గర లేనివి' అని వేరే గుంపు పెట్టి అన్నిటినీ ఎక్కించాం. మామ చదివిన పుస్తకాల లెక్కలో అవీ ఉండాల్సిందే.

జాబితా లింకు బంధువులందరికీ, మామ విద్యార్థుల్లో మాకు తెలిసినవారికీ పంపాం. అడగడం వారం లోపే మొదలైంది. మదనపల్లెలో ఉన్న మా పిన్ని కూతురికి ఒక నవల కావాలంది. చెన్నై మరదలికి చిన్నప్పటి రష్యా బొమ్మల పుస్తకం. మాకున్న సౌకర్యం ఏమంటే, ఊరు తిరుపతి కావడం. చుట్టాలెవరో ఒకరు నెలకోసారైనా కొండకు వస్తూనే ఉంటారు. దర్శనానికి వచ్చినవాళ్ళు దిగి అత్తకు ఒక లడ్డు ఇచ్చి, అడిగినవాళ్ళ కోసం పుస్తకం పట్టుకుపోతున్నారు. ఏది ఎవరి దగ్గర ఉందో సైటులోనే గుర్తు పెడుతున్నాం. ఆ పని నాదే.

ఈ సైటులు శాశ్వతం కావని నాకు తెలుసు. షెల్ఫారీ అని ఇలాంటిదే మరొకటి ఉండేది, 2016లో మూసేశారు. అందుకే ప్రతి నెలా మొత్తం జాబితాను ఎక్సెల్ ఫైలుగా దించి మూడు ఇళ్ళకు పంపుతున్నాను. మామ రిజిస్టరు ప్రతి పేజీనీ ఫొటో తీసి దానితోపాటే ఉంచాం.

బీరువా పని దాదాపు అయింది గానీ కింది అర మిగిలి ఉంది. అందులో ఉన్నవన్నీ వారపత్రికల సీరియళ్ళ బైండింగులు. వాటికి అట్ట లేదు, ప్రచురణకర్త లేడు, కొన్నిటికి మొదటి పేజీ కూడా లేదు. ఏ ఊరి జాబితాలోనూ అవి దొరకవు, ఎందుకంటే ఆ రూపంలో అవి ఆ ఇంట్లో తప్ప ఎక్కడా లేవు. వాటిని చింపి వరుస పెట్టింది మామ కాదు, అత్త. వారం వారం చదివిందీ ఆమే. ఏ కథ ఏ పత్రికలో వచ్చిందో, ఏది మధ్యలో ఆగిపోయిందో, బొమ్మలు ఎవరు వేశారో ఆమెకు ఇంకా గుర్తుంది. మధ్యాహ్నం పూట నేను ఫోను పెట్టి కూర్చుంటే ఆమె చెబుతోంది, నేను ఎక్కిస్తున్నాను. 'ఎవరి ద్వారా' అనే గడిలో ఈ అర మొత్తానికీ అత్త పేరే రాస్తున్నాను.